విన్నపము – లేఖ్యము: కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల భూచరిత్రలో ఒక ప్రశ్న

భూమిపై మనుష్యునకు గల హక్కు మూడు విధముల తెలియవచ్చును. దున్నువాని అనుభవము మొదటిది. ఇరుగుపొరుగువారి నోటిమాట రెండవది. సర్కారు దస్త్రములోని వ్రాత మూడవది. ఈ మూడును ఏకీభవించినచోట వివాదము పుట్టదు. చరిత్రకారునకు పనియు ఉండదు. మూడవది తక్కిన రెండింటితో విభేదించినప్పుడే అర్జీ పుట్టును. ఆ మూడవది మన కాలమున కాగితమును విడిచి యంత్రములోనికి పోయినది. తెలంగాణ రాష్ట్రమున 2020 అక్టోబరు 29వ తేదీన ప్రారంభమైన ‘ధరణి’ అను పోర్టల్ వ్యవసాయభూముల క్రయవిక్రయములకును, హక్కుల నమోదునకును ఏకైక ద్వారమయ్యెను. నాలుగున్నర సంవత్సరములు గడచునంతలో, 2025 ఏప్రిల్ 14వ తేదీన, దాని స్థానమున ‘భూభారతి’ ప్రవేశపెట్టబడెను. ఈ రెండు తేదీల నడుమ లెక్కలేనన్ని అర్జీలు వ్రాయబడినవి. యంత్రవేదిక చేసిన నిర్ణయము వివాదమునకు లోనైనప్పుడు ప్రజల మొర దానిని మార్చగలదా? మార్చినచో ఎంతవరకు, ఏ మార్గమున? కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల చరిత్ర ఆధారముగా ఈ ప్రశ్నను పరిశీలించుట మా ఉద్దేశము.

ప్రశ్న కొత్తదివలె కనబడును గాని, యంత్రము కొత్తదే తప్ప ప్రశ్న కొత్తది కాదు. లేఖ్యమును చేతనుంచుకొన్నవాడు ఒక నిర్ణయము చేయుట, దానికి లోబడినవాడు అది అన్యాయమని మొరపెట్టుట, ఆ మొర ఒకప్పుడు చెవికెక్కుట, ఒకప్పుడు ఎక్కకపోవుట – ఇది ఈ రెండు జిల్లాలలో నూరేండ్లకు తక్కువ కాని కథ. అందుచేత ధరణిని గూర్చి చెప్పుటకు పూర్వము పహాణీని గూర్చి చెప్పవలసియున్నది.

కరీంనగరు జిల్లాకు వెనుకటి పేరు ఎలగందుల. మానేటి చెంతనున్న ఎలగందుల కోట పేరిట పరగిన ఆ జిల్లా 1905లో కరీంనగరు జిల్లా అయ్యెను. సిర్పూరు–తాండూరు ఉపజిల్లాగా నున్న ప్రాంతము అదే కాలమున ఆదిలాబాదు జిల్లాగా రూపొందెను. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో మొదటిదాని నుండి కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడి, కొన్ని భాగములు పొరుగు జిల్లాలలో కలిసెను. రెండవది ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలయ్యెను. ఈ వ్యాసమున ఆ రెండు పేర్లను వెనుకటి విశాలార్థముననే వాడుచున్నాము.

నిజాము రాజ్యమున మొదటి సాలార్‌జంగు కాలమందు జిల్లాల పాలన స్థిరపడెను. పిమ్మట సర్వే, బందోబస్తు జరిగి గ్రామగ్రామమునకు సేత్వారు ఏర్పడెను. ఏటేట చేలను చూచి పట్వారీ వ్రాయునది పహాణీ. ఈ రెండు మాటలును మరాఠీ నుండి వచ్చినవి. పహాణీ యనగా చూచుట. జమాబందీ, కబ్జా, అర్జీ, దరఖాస్తు అనునవి అరబ్బీ పారశీకములనుండి ఉర్దూ ద్వారమున వచ్చినవి. రైతు నోట పడి ఇవి యన్నియు తెలుగుమాటలే అయినవి. కాని దస్త్రము మాత్రము ఉర్దూలో నుండెను. తన పేరిట ఏమి వ్రాయబడినదో రైతు చదువలేకుండెను; పట్వారీ చదివి చెప్పినదే వ్రాత. ఆదిలాబాదు అడవులలో గోండీ మాటలాడువానికి ఈ దూరము ఇంకను హెచ్చు. లేఖ్యమును చదువలేనివాడు అందలి తప్పును ఎరుగడు. తప్పు నెరుగనివాడు విన్నవించుకొనడు. ఈ మాట నాటి పహాణీకి ఎంత వర్తించునో నేటి తెరమీది లేఖ్యమునకును అంతే వర్తించును.

విన్నపము చెవికెక్కకపోయినప్పుడు ఏమగునో చెప్పుటకు ఆదిలాబాదు జిల్లాలోని జోడేఘాట్ కంటె గొప్ప సాక్ష్యము లేదు. ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున అడవులు రిజర్వు చేయబడుటతో గోండులు, కోలాములు తాము తరతరములుగా కొట్టి సాగుచేసిన నేలపై పరాయివారైరి. పట్టాలు వలస వచ్చినవారి పేరిట ఏర్పడుచుండెను. కుమురం భీం, అతని తోడివారు మొదట పట్టినది తుపాకి కాదు. సాగునకు అనుమతి కోరుచు అధికారులను ఆశ్రయించిరి. ఆ యత్నములు ఫలింపలేదు. 1940లో జోడేఘాట్ కొండలలో పోలీసు కాల్పులకు భీం, మరికొందరు గోండులు బలియైరి.

అటుపిమ్మట జరిగినది మన ప్రశ్నకు ముఖ్యము. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ యుద్ధకాలమున హైదరాబాదు రాజ్యముననే ఉండవలసివచ్చెను. నిజాము ప్రభుత్వము అతనిని గోండుల స్థితిగతులను పరిశీలింప నియోగించెను. అతడు మార్లవాయిలో నివసించి, గోండీ నేర్చి, వారి మొరను అధికారులకు అర్థమగు భాషలో నివేదికలుగా వ్రాసెను. దాని ఫలితముగా 1940–50 దశాబ్దమున ఆదిలాబాదు జిల్లాలో సుమారు 1,60,000 ఎకరములు పదునొకండు వేలకు మించిన గిరిజన కుటుంబములకు పట్టాలుగా ఇయ్యబడినవి. అర్జీలు చేయలేని పనిని నివేదిక చేసినదని తేలికగా చెప్పవచ్చును. మా అభిప్రాయము వేరు. నివేదికకు విలువనిచ్చినది దానికి ముందు జరిగిన రక్తపాతము. మొర విననందుకు మూల్యము చెల్లించిన పిమ్మటనే ప్రభుత్వము మొర వినువానిని వెదకెను. ఇంకొక మాటయు చెప్పవలెను. 1970 దశాబ్దమున హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూచునప్పటికి ఆ పట్టాభూములలో ఎంతో భాగము గిరిజనుల చేతులనుండి జారిపోయియుండెను. ఏజెన్సీ ప్రాంతమున గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1970 నాటి 1వ రెగ్యులేషన్ ఉన్నను నష్టము ఆగలేదు. ఒకసారి విని ఊరకుండుట వినుట కాదనుటకు ఇది నిదర్శనము.

కరీంనగరు జిల్లాలో విన్నపము వేరొక రూపమును ధరించెను. సాయుధపోరాట కాలమున అనభేరి ప్రభాకరరావు దళము గ్రామములలో పట్వారీల దస్త్రములను తగులబెట్టుచు సాగెను. 1948 మార్చి 14వ తేదీన హుస్నాబాదు సమీపమందలి మహమ్మదాపురము వద్ద ప్రభాకరరావు తన సహచరులతో పాటు పోలీసు కాల్పులలో మరణించెను. దస్త్రమును కాల్చుట అరాచకమని ఆనాటి పాలకులు చెప్పిరి. చరిత్రకారుడు దానిని మరియొక విధముగ చదువవచ్చును. కాల్చినవారు గడీకి నిప్పుపెట్టుటకంటె దస్త్రమునకు నిప్పుపెట్టుట ముఖ్యమనుకొనిరి. వెట్టి, అప్పు, భూమి పోవుట – వీనికన్నిటికి మూలము ఆ వ్రాతలోనే యున్నదని వారెరుగుదురు. సవరింపజాలని లేఖ్యమును నాశనము చేయుట తప్ప గతిలేదని తోచినప్పుడు మనుష్యుడు చేయు పని అది.

1948 సెప్టెంబరు పోలీసుచర్య తరువాత 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల చట్టము వచ్చి రక్షిత కౌలుదారును గుర్తించెను. 1954–55లో గ్రామగ్రామమున ఖాస్రా పహాణీ తయారయ్యెను. నేటికిని తెలంగాణమున భూవివాదము కోర్టుకెక్కినప్పుడు న్యాయవాది మొదట వెదకునది ఈ ఖాస్రా పహాణీనే. అందు పట్టాదారు పేరునకు ఒక గడి, అనుభవదారు పేరునకు మరియొక గడి ఉండెను. ఈ రెండవ గడి చిన్నది. కాని వ్యాసారంభమున మేము చెప్పిన మూడు సాక్ష్యములలో మొదటిదానికి సర్కారు దస్త్రమున దొరికిన చోటు అదియే. దున్నువాడు ఎవడో సర్కారు ఏటేట చూచి వ్రాయవలెనను బాధ్యత ఆ గడిలో నుండెను.

అయినను లేఖ్యమునకును నేలకును నడుమ దూరము తగ్గలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగెను. దొరల ఆక్రమణలోని బంజరుభూములు అందలి ముఖ్యవిషయములలో ఒకటి. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో భూసమస్యలపై సభకు వచ్చిన గోండులపై కాల్పులు జరుగగా అధికారలెక్క ప్రకారమే 13 మంది చనిపోయిరి. ఈ రెండు సంఘటనలలోను ప్రజల మొర బహిరంగముగ, పెద్దగొంతుతో వినబడినది. దానికి వెంటనే వచ్చిన జవాబు ఆంక్ష, తూటా. కావున మొర పెద్దదగుటచేతనే ఫలించుననుట చరిత్రకు సరిపడదు.

ఈ నడుమనే మరియొక సమస్య నిశ్శబ్దముగ పెరుగుచుండెను. రిజిస్ట్రేషను ఖర్చునకు వెరచియో, నమ్మకముచేతనో, పల్లెలలో భూమిని తెల్లకాగితముపై వ్రాసికొని అమ్ముట కొనుట సాగెను. సాదా యనగా ఒట్టి, బైనామా యనగా అమ్మకపు పత్రము. ఒట్టి కాగితముపై వ్రాసిన అమ్మకము సాదాబైనామా. 1971లో భూమిహక్కులు, పట్టాదారు పాసుపుస్తకముల చట్టము వచ్చెను. 1989 సవరణతో సాదాబైనామాలను క్రమబద్ధము చేయు మార్గము ఆ చట్టమున చేరెను. 1984లో పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యెను. వారి స్థానమున వచ్చిన గ్రామాధికారుల చేతిలో పహాణీ ఉండెను; అనుభవదారు గడిలో పేర్లు మారుచుండెను. కొన్నిచోట్ల అది నిజమునకు అద్దము; కొన్నిచోట్ల లంచమునకు ఫలము.

2017 సెప్టెంబరు 15వ తేదీన తెలంగాణ ప్రభుత్వము భూరికార్డుల ప్రక్షాళనము ఆరంభించెను. వివాదము లేనివని తేలిన భూములు ‘ఏ’ భాగమునను, వివాదము కలవి ‘బి’ భాగమునను చేర్చబడినవి. ‘బి’ భాగములోని భూములకు కొత్త పాసుపుస్తకములు రాలేదు. అనుభవదారు గడి కొత్త లేఖ్యమున చోటు కోల్పోయెను. 2018 మే 10వ తేదీన కరీంనగరు జిల్లా హుజూరాబాదు సమీపమందలి శాలపల్లి–ఇందిరానగర్‌లో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు రైతుబంధు పథకమును ప్రారంభించెను. 2018లో ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారునకు ఇయ్యబడినది ఆ సొమ్ము. దానితో లేఖ్యములోని పేరునకు ప్రతి పంటకు ఒక ధర ఏర్పడెను. వెనుక వ్రాతలో తప్పున్నను ఊరిలో ఒప్పందముతో గడచిపోవుచుండెను. ఇప్పుడు తాత అమ్మివేసిన భూమికి మనుమని పేరిట సొమ్ము వచ్చుట, కొని దున్నుకొనువానికి రాకుండుట జరుగగా, నిద్రించుచున్న తప్పులన్నియు మేల్కొనినవి.

2020 సెప్టెంబరు 9వ తేదీన శాసనసభలో ప్రవేశపెట్టబడి 11వ తేదీన ఆమోదింపబడిన కొత్త చట్టము 1971 చట్టమును తొలగించెను. గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు వేరొక చట్టముచే రద్దయ్యెను. తహశీలుదారు రిజిస్ట్రారు కూడ అయ్యెను. న్యాయముగ చెప్పవలెనన్న, ఇందు మంచి లేకపోలేదు. వెనుక రిజిస్ట్రేషను ఒకచోట, నామాంతరము మరొకచోట జరిగి నెలలు గడచుచుండగా, ధరణిలో రెండును ఒకేనాడు ఒకేచోట ముగియుచుండెను. వివాదము లేని భూమి గలవానికి ఇది మేలే. అనుభవదారు గడిని తీసివేయుటకును ప్రభుత్వము కారణము చెప్పెను: యజమానికి తెలియకుండ పరుల పేర్లు అందు చేరుచున్నవనియు, అది అవినీతికి తావగుచున్నదనియు.

కాని వేదికను కట్టినవారు ఒక విషయమును తక్కువగా ఎంచిరి. లేఖ్యము శుద్ధమైనదను ఊహపై ఆ వేదిక నిలిచినది. అందుచే తప్పును దిద్దుటకు తొలుత అందు తగిన చోటు లేకపోయెను. విస్తీర్ణము తగ్గినను, పేరు మారినను, పట్టాభూమి నిషేధిత జాబితాలో చేరినను, తహశీలుదారు నాకధికారము లేదనెను. సవరణాధికారము చాలవరకు కలెక్టరు చేతికి పోయెను. తీర్పుపై రెవెన్యూశాఖలో అప్పీలు లేదు. సివిలు కోర్టుకు పోవలెను. ప్రతి సోమవారము కలెక్టరు కచేరిలో జరుగు ప్రజావాణికి అర్జీ పట్టుకొని పోవుట, మీసేవ కేంద్రమున మరల దరఖాస్తు చేయుట, తెరపై తిరస్కరణము చదివించుకొనుట – ఇది ఎందరో రైతులకు పరిపాటి అయ్యెను. పట్వారీ చెడ్డవాడైనను అతని ఇల్లు ఊరిలో నుండెను, అతనిని నిలదీయవచ్చును. తెరను నిలదీయుట ఎట్లు?

ప్రజల మొర మూడు త్రోవల సాగెను. మొదటిది న్యాయస్థానము. వ్యవసాయేతర ఆస్తుల నమోదునకు ఆధారు మొదలగు వివరములను కోరుటపై వ్యాజ్యములు పడగా హైకోర్టు అడ్డుపడెను. 2020 డిసెంబరులో ప్రభుత్వము ఆ ఆస్తులకు వెనుకటి కంప్యూటరు రిజిస్ట్రేషను పద్ధతికే మరలెను. వేదిక ప్రారంభమైన రెండు మాసములలోనే ఒక వివాదాస్పద నిర్ణయము వెనుకకు తీయబడినదన్నమాట. పెండింగులోని రెవెన్యూ కేసులకై ఏర్పడిన ప్రత్యేక ట్రిబ్యునళ్ళు వాదులను వినకయే తేల్చుచున్నవను ఫిర్యాదుపై 2021లో హైకోర్టు తిరిగి వినుటకు అవకాశమిమ్మని ఆదేశించెను.

రెండవది కార్యాలయము. అర్జీల ఒత్తిడికి వేదికలో కొత్త మాడ్యూళ్ళు ఒక్కొక్కటిగ చేరెను. 2021లో మంత్రివర్గ ఉపసంఘము ఏర్పడెను. పాసుపుస్తకములోని తప్పుల సవరణకై టీఎం–33 అను మాడ్యూలు వచ్చెను. అక్షరములు చదువలేని రైతులు సైతము ‘టీఎం ముప్పైమూడు’ అను మాటను నేర్చిరి. వెనుక జమాబందీ, కబ్జా అను మాటలు పల్లెకు చేరినట్లే ఇదియు చేరెను. పాలనాభాష మారునప్పుడెల్ల రైతు కొత్తమాట నేర్వవలసివచ్చుట మన ప్రాంతపు భాషాచరిత్రలో ఒక అధ్యాయము.

మూడవది ఓటు. 2023 నవంబరు 30 నాటి శాసనసభా ఎన్నికలలో ధరణి ప్రధాన వాదవిషయములలో ఒకటి. కాంగ్రెసుపక్షము దానిని తొలగింతుమనెను. నాటి అధికారపక్షము అది పోయినచో దళారులు తిరిగి వత్తురనెను. ప్రభుత్వము మారినది గావున ధరణిపై ప్రజాతీర్పు వచ్చినదని పలువురు వ్రాసిరి. మేము అంత తొందరపడజాలము. పూర్వపు కరీంనగరు జిల్లాలోని 13 స్థానములలో కాంగ్రెసు 8, భారత రాష్ట్ర సమితి 5 గెలిచినవి. పూర్వపు ఆదిలాబాదులోని 10 స్థానములలో కాంగ్రెసు 4, భారతీయ జనతాపక్షము 4, భారత రాష్ట్ర సమితి 2 గెలిచినవి. భూమి విషయమున అంత వేదన గల ఆదిలాబాదులో ఓటు మూడు త్రోవల చీలెను. ఎన్నిక అనేక విషయములపై ఇచ్చు ఒకే సమాధానము. దానినుండి ఒక ప్రశ్నకు జవాబు విడదీయుట కష్టము. నిశ్చయముగ చెప్పదగినది ఇంతమాత్రమే: ఎన్నిక, ఆ నిర్ణయమును చేసినవారి స్థానమున దానిని కాపాడుకొనవలసిన అగత్యము లేనివారిని కూర్చుండబెట్టెను.

తరువాతి క్రమము వేగముగ నడచెను. 2024 జనవరిలో ఐదుగురు సభ్యుల సంఘము నియమింపబడెను. మార్చిలో ప్రత్యేక కార్యక్రమము జరిపి, కలెక్టరు చేతిలోని అధికారములను కొంత తహశీలుదారునకు, రెవెన్యూ డివిజనల్ అధికారికి పంచిరి. నాటికి పెండింగులో నున్న దరఖాస్తులు రెండు లక్షలకు పైబడియుండెను. ఆగస్టులో కొత్త చట్టపు ముసాయిదాను ప్రజాభిప్రాయమునకై ప్రకటించిరి. డిసెంబరు 20వ తేదీన శాసనసభ భూభారతి చట్టమును ఆమోదించెను. తహశీలుదారు నిర్ణయముపై అప్పీలు, దానిపై రెండవ అప్పీలు, భూమి ట్రిబ్యునళ్ళు, పేదలకు ఉచిత న్యాయసహాయము, భూమికి పటముతో కూడిన నమోదు అందు కలవు. 2025 జూనులో గ్రామములలో రెవెన్యూ సదస్సులు జరుగగా ఎనిమిది లక్షలకు మించిన దరఖాస్తులు వచ్చెను. సెప్టెంబరులో గ్రామపాలనాధికారులు నియుక్తులైరి; ఊరిలో నిలదీయదగిన మనిషి తిరిగి వచ్చెనన్నమాట. రెండు చట్టముల జననమును పోల్చినచో భేదము స్పష్టము: మొదటిది మూడు దినములలో సభను దాటెను, రెండవది నాలుగు నెలలకు మించి బహిరంగముగ చర్చింపబడెను.

విశాలలోకములోని రెండు ఉదాహరణములతో దీనిని పోల్చిచూతము. ఫేస్‌బుక్ సంస్థ 2009లో తన నిబంధనలపై నిరసన చెలరేగగా వెనుకకు తగ్గి, ఇకపై మార్పులపై వాడుకదారుల ఓటు తీసికొందుమనెను. 2012 డిసెంబరులో ఆ ఓటుపద్ధతినే రద్దుచేయు ప్రతిపాదనపై ఓటు జరిగెను. 6,68,872 మంది పాల్గొనగా వారిలో నూటికి 88 మంది వ్యతిరేకించిరి. కాని ఓటు చెల్లుటకు వాడుకదారులలో నూటికి 30 మంది, అనగా సుమారు ముప్పది కోట్లమంది పాల్గొనవలెనను నియమముండెను. కావున సంస్థ తాను తలచినట్లే చేసెను. అచ్చట విన్నపమునకు ద్వారమున్నది గాని, అది తెరచుకొనని ద్వారము.

రెండవది మన దేశమున జరిగినది. అదే సంస్థ కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితముగ నిచ్చు ఫ్రీ బేసిక్స్ పథకమును తేగా, టెలికాం నియంత్రణ సంస్థ 2015 డిసెంబరులో ప్రజాభిప్రాయమును కోరెను. ఇరువది లక్షలకు మించిన జవాబులు వచ్చినవి. అందు పెక్కు, సంస్థయే తయారుచేసి తన వాడుకదారులచే పంపించిన ఒకే మూసలోని అనుకూల లేఖలు. అడిగిన ప్రశ్నలకు అవి జవాబులు కావని నియంత్రణ సంస్థ తేల్చి, 2016 ఫిబ్రవరి 8వ తేదీన అట్టి భేదధరలను నిషేధించెను. లక్షల సంఖ్య ఇచ్చట గెలువలేదు. ప్రశ్నకు కారణసహితముగ చెప్పిన జవాబు గెలిచినది.

ఈ ఉదాహరణములను జోడేఘాట్, జగిత్యాల, శాలపల్లిల ప్రక్కన నుంచి చూచినచో మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: విన్నపమును వినవలసినవాడు నిర్ణయము చేసినవాడే అయినప్పుడు దాని బలము స్వల్పము, అతనిపైన మరొకడు – న్యాయస్థానము గాని, నియంత్రణ సంస్థ గాని, ఓటరు గాని – ఉన్నప్పుడే అది బలము పొందును. రెండవది: నిర్ణయములన్నియు ఒక్క తీరుగ మారవు. వేదిక పనిచేయు పద్ధతి త్వరగా మారును. కొత్త మాడ్యూలు చేర్చుటకు కొన్ని మాసములు చాలును. వేదికయొక్క నిర్మాణము, అనగా ఎవడు దిద్దవలెను, దిద్దనిచో ఎవనికి చెప్పుకొనవలెను అనునది, మారుటకు ప్రభుత్వమే మారవలసివచ్చెను. వేదికకు ఆధారమైన తలంపు, అనగా రాష్ట్రమంతటి భూమికి యంత్రములోని ఒకే లేఖ్యము ప్రమాణము కావలెననునది, ఎవరి మొరకును మారలేదు. భూభారతియు ఆ తలంపుపైననే నిలిచినది. మూడవది: విన్నపము ఒకనాటి సంఘటన కారాదు. ఆదిలాబాదులో ఇచ్చిన పట్టాలు కరిగిపోయిన తీరు ఈ హెచ్చరికను చేయుచున్నది.

మొర వలన ఏమియు కాదనువారికి 2025 ఏప్రిల్ 14 జవాబు. మొర వలననే అన్నియు అగుననువారికి సాదాబైనామా కథ జవాబు. 2020 అక్టోబరు 12 నుండి నవంబరు 10 వరకు క్రమబద్ధీకరణకై ప్రభుత్వము దరఖాస్తులు కోరగా సుమారు తొమ్మిది లక్షలు వచ్చెను. అందు 2.26 లక్షలు మాత్రమే పాత చట్టము నిలిచియున్న అక్టోబరు 29కి లోపల వచ్చినవి; తక్కినవి రద్దయిన చట్టము క్రింద వచ్చినవయ్యెను. నిర్మల్ జిల్లాకు చెందిన ఒక వ్యవసాయదారుడు వేసిన వ్యాజ్యముపై హైకోర్టు నవంబరు 11న మధ్యంతరపుటుత్తరువు నీయగా అవి నిలిచిపోయెను. భూభారతి చట్టమున వానికి చోటు దొరికెను; 2025 ఆగస్టులో హైకోర్టులోని అడ్డు తొలగెను. ఆ అయిదేండ్లలో కాగితము వ్రాసినవారిలోను, సాక్షిసంతకము చేసినవారిలోను ఎందరో గతించియుందురు. ఒట్టి కాగితమునకు బలము ఆ సాక్షుల నోటిమాటయే. ఆలస్యమైన కొలది అది క్షీణించును. ఆలస్యముగ వినబడిన మొర సగము వినబడిన మొరయే.

కావున లేఖ్యమును కాగితముపై వ్రాసినను యంత్రమున నిక్షేపించినను దాని యోగ్యతకు పరీక్ష ఒక్కటే: తప్పు వ్రాసినప్పుడు దానిని చూపించినవానికి ఎంతకాలములో, ఎంత దూరములో, ఏ భాషలో జవాబు దొరకును? ఖాస్రా పహాణీని, ధరణిని, భూభారతిని ఈ కొలతతోనే కొలువవలెను. 2025 జూనులో వచ్చిన ఎనిమిది లక్షల దరఖాస్తులను ప్రజల నమ్మకమునకు గుర్తుగ చదువవచ్చును. వెనుక పేరుకొన్న తప్పుల పద్దుగను చదువవచ్చును. రెండు పఠనములలో ఏది నిలుచునో, ఒక్కొక్క దరఖాస్తుదారునకు అందు జవాబే నిర్ణయించును. రేపటి చరిత్రకారుడు ఆ సదస్సులకెన్ని అర్జీలు వచ్చెనను లెక్కతో తృప్తిపడక, ఎన్నింటికి కారణము చూపి సమాధానము చెప్పిరి, తిరస్కరింపబడినవాడు మరల ఎచ్చటికి పోగలిగెను అను ప్రశ్నలను అడుగవలెనని మా విన్నపము. అందులకై ఆ అర్జీలను, వానిపై వ్రాయబడిన ఉత్తరువులను, భూలేఖ్యములతో సమానముగ భద్రపరచుట పాలకుల విధి.